తల్లిపాలు: తంబుర నుండి టెలివిజన్ దాకా

గేదె ఈనిన ఇంటి నుండి చిన్న చెంబుతో జున్నుపాలు వచ్చాయంటే తెలుగువారి ఇంట ఆ పూట పండుగే. బెల్లము, మిరియాల పొడి, ఏలకులు కలిపి ఆవిరిపై ఉంచితే చాలు, తోడు వేయకుండానే ఆ పాలు మెత్తగా గడ్డకడతాయి. దీనికి కారణం వాటిలోని మాంసకృత్తులు. మామూలు పాలలో ఇవి నూటికి మూడు నాలుగు పాళ్ళు ఉంటే, ఈనిన తొలిపూట పాలలో అంతకు మూడు నాలుగింతలు ఉంటాయి. అందులో పెద్దభాగం ఇమ్యునోగ్లోబులిన్లు, అనగా రోగాలతో పోరాడే మాంసకృత్తులు. వేడి తగిలినప్పుడు వీటి అణువుల మడతలు విడిపోయి, ఒకదానితో ఒకటి పెనవేసుకొని గడ్డగా మారతాయి. దూడ కోసం సిద్ధమైన రక్షణ కవచాన్ని మనం ఫలహారంగా ఆరగిస్తున్నామన్నమాట.

గేదె ముర్రుపాలను ఇరుగుపొరుగులకు పంచిపెట్టుకొనేంతటి ఆదరం గల సమాజమే, తల్లి ముర్రుపాలను మాత్రం పిండి పారబోయమన్నది. చిక్కగా, పసుపుపచ్చగా ఉన్నాయనీ, నెలల తరబడి నిలవ ఉన్న పాలనీ, బిడ్డకు అరగవనీ పెద్దలు భావించేవారు. ‘పాలు పడేవరకు’ రెండు మూడు రోజులు ఆముదపు చుక్క, తేనె, పంచదార నీళ్ళు, కొన్ని ప్రాంతాలలో గాడిదపాలు పట్టేవారు. ఇది క్రూరత్వమూ కాదు, అజ్ఞానమని తోసివేయదగినదీ కాదు. బిడ్డ క్షేమం కోరి, తరతరాలుగా ఒక నోటి నుండి మరొక చెవికి అందిన మాట అది. అటువంటి మాటను మరొక మాటతోనే మార్చాలి. ఆ రెండవ మాటను ఎవరు, ఏ సాధనంతో, ఎవరి చెవిని వేయాలన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ముందుగా చెప్పవలసిన సంగతి ఏమిటో చూద్దాం. రసాయన శాస్త్ర పరిశోధన వృత్తిగా గలవారికి తల్లిపాలంత ఆశ్చర్యం గొలిపే ద్రవం మరొకటి లేదు. దూడ పుట్టినప్పుడు దాని రక్తంలో రోగనిరోధక పదార్థాలు దాదాపు ఉండవు. మొదటి రోజున ముర్రుపాల నుండి అవి పేగు గుండా రక్తంలోకి చేరవలసిందే. మానవశిశువుకు అటువంటి ఇమ్యునోగ్లోబులిన్లు కొన్ని గర్భంలోనే మాయ ద్వారా అందుతాయి. ముర్రుపాలలో వచ్చేది మరొక రకం. అది రక్తంలోకి పోదు. గోడకు సున్నం వేసినట్లు పేగు లోపలి పొరను అంటి ఉండి, సూక్ష్మజీవులు అక్కడ కాలూనకుండా చేస్తుంది. ముర్రుపాలు చెంచాలతో కొలవవలసినంత తక్కువగా వస్తాయి. మొదటి రోజున బిడ్డకు అవసరమైనదీ అంతే. ఇవి ఆహారమూ, మందూ కూడాను.

తరువాత వచ్చే పాలలో నీరు సుమారు 87 శాతం. అందువలన మండువేసవిలో కూడా మొదటి ఆరు నెలలు బిడ్డకు విడిగా నీళ్ళు పట్టనవసరం లేదు. లాక్టోజు అనే పాలచక్కెర దాదాపు 7 శాతం, కొవ్వు నాలుగు శాతం వరకు ఉంటాయి. వీటి తరువాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఏదని అడిగితే మాంసకృత్తులు అని చాలమంది చెబుతారు. కాని వాటితో సమానంగా, ఒక్కొక్కప్పుడు మించి ఉండేవి ఒలిగోసాకరైడ్లు అనే పొట్టి చక్కెర గొలుసులు. లీటరు పాలలో ఇవి 5 నుండి 15 గ్రాముల వరకు, ముర్రుపాలలో ఇంకా ఎక్కువగా ఉంటాయి. వీటిలో నూట యాభైకి పైగా రకాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. విచిత్రమేమిటంటే, శిశువు వీటిని జీర్ణం చేసుకోలేడు! తాను అరిగించుకోలేని పదార్థాన్ని తల్లి ఇంత శ్రమపడి ఎందుకు తయారుచేస్తున్నట్లు?

దీనికి సమాధానం 1950లలో దొరకడం ప్రారంభమయింది. ఫిలడెల్ఫియాలో పాల్ గ్యోర్గి, జర్మనీలో రసాయన శాస్త్రజ్ఞుడు రిచర్డ్ కూన్ కలిసి చేసిన పరిశోధనలలో, ఈ గొలుసులు శిశువు పేగులో నివసించే బిఫిడోబాక్టీరియాకు ఆహారమని తేలింది. తల్లి ఒకే పాలతో ఇద్దరిని పోషిస్తున్నది: బిడ్డను, బిడ్డ కడుపులోని మిత్రజీవులను. అంతేకాక, పేగు కణాలపై ఉండే చక్కెర గొలుసులను పోలి ఉండడం వలన కొన్ని ఒలిగోసాకరైడ్లు రోగకారక జీవులకు ఎరలుగా పనిచేస్తాయి. ఆ జీవులు పేగు గోడను వదలి వీటిని పట్టుకొని, వీటితోపాటే బయటకు పోతాయి. 2016 నుండి అమెరికాలో కొన్ని పాలపొడులలో ఇటువంటి గొలుసును ఒకదానిని తయారుచేసి కలుపుతున్నారు. నూట యాభైలో ఒకటి!

ఇంత మేలైన సంగతి జనానికి చేరిందా? 2019–21 నాటి భారత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉన్నది. ఆ సర్వే ప్రకారం నూటికి 88.6 కాన్పులు ఆసుపత్రులలో జరుగుతున్నాయి. కాని పుట్టిన గంటలోపల తల్లిపాలు అందినది 41.8 శాతం పిల్లలకు మాత్రమే. 2015–16 సర్వేలోనూ ఇది 41.6 శాతమే. మంత్రసాని స్థానంలో డాక్టరు వచ్చినా, ఆముదం పోయి సీసా వచ్చినా, మొదటి గంట మాత్రం వృథా అవుతూనే ఉన్నది. ఆరునెలల లోపు పిల్లలలో కేవలం తల్లిపాలే త్రాగేవారి సంఖ్య ఇదే కాలంలో 54.9 నుండి 63.7 శాతానికి పెరగడం సంతోషించదగినది.

తల్లిపాలు మంచివని తెలియని తల్లి నేడు అరుదు. ఆమెను వెనుకకు లాగేది తెలియకపోవడం కన్న సందేహమే ఎక్కువ. ‘నా పాలు చాలుతున్నాయా?’ అన్నది ఆ సందేహం. బిడ్డ ఏడిస్తే చాలు, పాలు చాలడం లేదని ఇంటిల్లిపాది తీర్మానిస్తారు. ఒక సీసా పట్టగానే బిడ్డ నిద్రపోతాడు. తీర్మానం రుజువైనట్లే కనిపిస్తుంది. అసలు జరిగేది వేరు. బిడ్డ చప్పరించినప్పుడు తల్లి మెదడు దిగువన ఉన్న పిట్యూటరీ గ్రంథి నుండి ప్రొలాక్టిన్ విడుదలై పాలు తయారుచేయిస్తుంది. ఆక్సిటోసిన్ ఆ పాలను చేపిస్తుంది, గర్భాశయాన్ని ముడుచుకొనేట్లు చేసి రక్తస్రావాన్ని కూడా తగ్గిస్తుంది. రొమ్ములో పాలు నిలిచిపోతే ఉత్పత్తి తగ్గుతుంది. ఖాళీ అయితే పెరుగుతుంది. సీసా పట్టిన ప్రతిసారీ బిడ్డ అంతమేరకు తక్కువ చప్పరిస్తాడు, మరునాడు అంతమేరకు పాలు తగ్గుతాయి. ‘అడగందే అమ్మైనా పెట్టదు’ అన్న సామెత శరీరధర్మ శాస్త్రం దృష్ట్యా అక్షరాలా నిజం. పాలసొర, వెల్లుల్లి, మెంతులు పెట్టే బాలింత వంటలను నేను తక్కువ చేయను. అవి తల్లికి రుచి, బలము ఇస్తాయి. పాలను పిలిచేది మాత్రం బిడ్డ నోరే.

ఈ సందేహం విలువను అందరికన్న ముందు కనిపెట్టినవారు డబ్బాపాల వర్తకులు. పత్రికలలో బొద్దుపాపాయిల బొమ్మలు, ఆసుపత్రులలో ఉచితంగా పంచిన డబ్బాలు, నర్సుల దుస్తులు ధరించిన అమ్మకందారులు, అన్నీ ఆ ఒక్క ప్రశ్ననే తల్లి చెవిలో ఊదాయి. 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో డాక్టర్ సిసిలీ విలియమ్స్ ‘పాలు – హత్య’ అనే అర్థం వచ్చే శీర్షికతో ప్రసంగించి, తీయని డబ్బాపాలను శిశువుల ఆహారంగా అమ్మడాన్ని తీవ్రంగా ఖండించారు. నాలుగు దశాబ్దాల తరువాత, 1981 మే నెలలో, ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల వ్యాపారానికి ఒక అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. అనుకూలంగా 118 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటే. ఆ ఒక్క ఓటు అమెరికాది. భారతదేశం 1992లో చట్టం చేసి, 1993 ఆగస్టు 1 నుండి అమలుపరచి, 2003లో దానిని మరింత బిగించింది. దాని ప్రకారం శిశువుల పాలపొడికి ప్రకటనలు నిషిద్ధం. డబ్బాపై పాపాయి బొమ్మ ఉండరాదు. తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బాయే చెప్పుకోవాలి! అబద్ధాన్ని ఆపడానికి చట్టం చాలును. నిజాన్ని నమ్మించడానికి చట్టం చాలదు.

ఇక్కడ మన జానపద కళల ప్రసక్తి వస్తుంది. బుర్రకథనే తీసుకొందాం. నడుమ తంబుర మీటుతూ, వ్రేళ్ళ అందెలు మ్రోగిస్తూ కథకుడు, ఇరువైపుల గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు. ఒక వంత కథను వర్తమాన రాజకీయాలతో ముడిపెడతాడు, రెండవ వంత హాస్యం పుట్టిస్తాడు. 1940లలో ప్రజానాట్యమండలి ఈ కళను ప్రజాచైతన్యానికి వినియోగించిన తీరు, షేక్ నాజర్ దానికి తెచ్చిన కీర్తి పాఠకులకు తెలిసినవే. స్వాతంత్ర్యానంతరం 1954లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సాంగ్ అండ్ డ్రామా డివిజన్ కూడా ఇటువంటి కళారూపాలను ప్రచారానికి వాడుకొన్నది.

బుర్రకథ గొప్పతనం దాని రాగతాళాలలోనే లేదు, దాని నిర్మాణంలో ఉన్నది. ఉపన్యాసకుడు తాను చెప్పదలచినదే చెబుతాడు. బుర్రకథలో హాస్యపు వంత జనం పక్షాన నిలబడి, జనం మనసులోని సందేహాన్ని సిగ్గుపడకుండా అడుగుతాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క చేసేదీ ఇదే. ఉదాహరణకు ఇటువంటి సంభాషణను ఊహించవచ్చును:

“అన్నా, అంతా బాగానే ఉన్నది గాని, మా కోడలికి పాలు చాలడం లేదే! ఒక సీసా పడితే కొంప మునుగుతుందా?”

“ఒరే తమ్ముడూ, మీ ఊరి యేటిలో చెలమ తీస్తారు గదా, తోడకుండా ఊట వస్తుందా?”

“ఎట్లా వస్తుంది? తోడేకొద్దీ ఊరుతుంది.”

“తోడడం మానేసి, పక్క ఊరి నుండి నీళ్ళు కొని తెచ్చుకొంటే?”

“చెలమ పూడిపోతుంది. ఆపైన రోజూ కొనుక్కోవాలి… ఓహో! అదా సంగతి!”

ప్రొలాక్టిన్ అన్న పేరు ఎత్తకుండా, గ్రంథి ఊసు లేకుండా, ఉత్పత్తి సూత్రం మొత్తం ఇందులో ఇమిడిపోయింది. పై మాటలు నావే గనుక కళాకారులు ఇంతకన్న చక్కగా చెప్పగలరని వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఒక చిక్కు ఉన్నది. రచ్చబండ వద్ద రాత్రి జరిగే బుర్రకథకు పచ్చి బాలింతరాలు రాదు. పురిటి గదిలో ఉంటుంది. వచ్చేవారు ఆమె అత్తగారు, మామగారు, భర్త, ఆడపడుచు. పైపైన చూస్తే ఇది ఈ సాధనానికి పెద్ద లోపం. నిజానికి ఇదే దాని బలం. ముర్రుపాలు పిండివేయాలా, తేనె నాకించాలా, సీసా కొనుక్కురావాలా అన్న నిర్ణయాలు జరిగేది ఆ రచ్చబండకు వచ్చినవారి వద్దనే. కనుక కథ రాసేవారు బాలింతను ఉద్దేశించి రాయకూడదు, అత్తగారిని ఉద్దేశించి రాయాలి. ఆమెను హేళన చేసే కథ మొదటి పావుగంటలోనే ఓడిపోతుంది. ప్రభుత్వ కార్యక్రమాలలో తరచు కనిపించే మరొక పొరపాటు, నినాదాలను తాళంలో పెట్టి పాడించడం. జనం కథ కోసం వస్తారు. కథ లేని బుర్రకథకు ఎవరూ కూర్చోరు.

పురిటి గదిలోనికి పోగలిగినది రేడియో. తెలుగు ప్రసారాలు గ్రామీణ స్త్రీలకు ఎంతో చేరువయ్యాయి. 2008లో జహీరాబాదు ప్రాంతంలో దళిత స్త్రీలు తామే నడుపుకొనే సంగం రేడియో ప్రారంభమైనది. పొరుగింటి గొంతు పెట్టెలో నుండి వినిపించడం అన్నది ప్రచార దృష్ట్యా ఎంత విలువైనదో వేరే చెప్పాలా? దృశ్యమాధ్యమం విషయంలో 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు సాగిన ఉపగ్రహ బోధనా ప్రయోగాన్ని ప్రస్తావించాలి. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు ఆరోగ్యం, వ్యవసాయం వంటి అంశాలపై కార్యక్రమాలు అందాయి. వాటిలో తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. పల్లెజనం ఒకేచోట కూడి ఒకే తెరను చూసి, చూసిన దానిని అక్కడే చర్చించుకొన్న కాలమది. తరువాత టెలివిజన్ ఇంటింటికీ చేరింది, ఆ చర్చ మాయమయింది. ఇప్పుడు సెల్‌ఫోను మనిషి మనిషికీ చేరింది.

మరి ఏ సాధనం పనిచేస్తుంది? బంగ్లాదేశ్‌లో 2010, 2014 సంవత్సరాల మధ్య జరిగిన ప్రయత్నం దీనికి చాలవరకు సమాధానం ఇస్తున్నది. కొన్ని ఉపజిల్లాలలో టెలివిజన్ ప్రకటనలతోపాటు, శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి తల్లులతో మాట్లాడారు, గ్రామసభలు జరిపారు. అక్కడ కేవలం తల్లిపాలపై పెరిగే శిశువులు 48.5 శాతం నుండి 87.6 శాతానికి పెరిగారు. ప్రచారం పలుచగా, సలహాలు మామూలుగా సాగిన ఇతర ప్రాంతాలలో 51.2 శాతం 53.5 అయింది. తెర ఎంత పెద్దదైనా అది తల్లి అడిగిన ప్రశ్నకు తిరిగి జవాబు చెప్పదు. బిడ్డను ఒడిలో ఎట్లా పట్టుకోవాలో పక్కన కూర్చొని సరిచేయలేదు. 1981లో జాతీయ కార్యక్రమం ప్రారంభించిన బ్రెజిల్ దేశం ఈ సంగతిని చమత్కారంగా గ్రహించింది. పెద్ద ఎత్తున ప్రసారమాధ్యమాలను వాడుకొంటూనే, 1990లలో సియరా రాష్ట్రంలో ఉత్తరాలు పంచే తపాలా బంట్రోతులకు శిక్షణ ఇచ్చి, గర్భిణులు, బాలింతలు ఉన్న ఇళ్ళలో ఈ కబురు చెప్పించింది. తరువాత అది ఇతర రాష్ట్రాలకూ వ్యాపించింది. మన ఊళ్ళలో ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు చేయగలిగిన పని ఇదే. భారత ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ‘మా’ కార్యక్రమం ప్రచారాన్ని, ఆశా కార్యకర్తల సలహాను జతపరచడం సమంజసంగా ఉన్నది.

ఇక అమెరికాలో ఉన్న మన సంగతి. ఇక్కడ 2019లో పుట్టిన పిల్లలలో 83 శాతానికి తల్లిపాలు మొదలయ్యాయి. ఆరు నెలలు కేవలం తల్లిపాలతోనే పెరిగినవారు 25 శాతం మాత్రమే. డబ్బాపాల ప్రకటనలకు ఇక్కడ చట్టపరమైన నిషేధం లేదు. గర్భిణి ఏదో ఒక దుకాణంలో పేరు నమోదు చేసుకొంటే చాలు, ప్రసవానికి ముందే డబ్బా ఇంటికి వస్తుంది. మన ఇళ్ళలో మరొక విశేషం, ఇద్దరు సలహాదారులు ఒకే గదిలో ఉండడం. ఒకరు ఆసుపత్రివారు పంపిన పాలిచ్చే పద్ధతి నేర్పే నిపుణురాలు, ఇంగ్లీషులో మాట్లాడుతుంది. మరొకరు పురుడు పోయడానికి వీసాపై వచ్చిన అమ్మగారో అత్తగారో. ఒకరి మాట మరొకరికి అందదు. నడుమ పిల్లతల్లి నలిగిపోతుంది. నిపుణురాలు చెప్పినది తెలుగులో అత్తగారికి వివరించి, అత్తగారి భయాన్ని నిపుణురాలికి వినిపించే బాధ్యత భర్త తీసుకొంటే సగం తగవు తీరుతుంది. పాలు చాలుతున్నాయా అన్నదానికి కొలతలు ఉన్నాయి: అయిదవ రోజు తరువాత రోజుకు ఆరు లేక అంతకన్న ఎక్కువ తడిసిన డయపర్లు, రెండు వారాల లోపల పుట్టినప్పటి బరువుకు తిరిగి చేరుకోవడం. మొదటి కొద్ది రోజులలో బిడ్డ కొంత బరువు తగ్గడం సహజమే. తగ్గుదల ఎక్కువైనా, బిడ్డ మగతగా ఉండి చప్పరించకపోయినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపాలి.

బామ్మగారు ప్రేమతో తెచ్చిన తేనె విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. అందులో బొటులిజం కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చును. అవి మరగించినా చావవు. పెద్దవారి పేగులో మొలకెత్తలేని ఆ బీజాలు పసిబిడ్డ పేగులో మొలకెత్తి, కండరాలను చచ్చుబడేసే విషాన్ని తయారుచేస్తాయి. తల్లిపాలకు ఉన్న ఒక కొరతను కూడా దాచకుండా చెప్పాలి. వాటిలో విటమిన్ డి తక్కువ. చామనచాయ శరీరాలతో, చలిదేశాలలో, నాలుగు గోడల మధ్య ఉండే మనవారికి ఇది మరింత వర్తిస్తుంది. రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు వేయమని ఇక్కడి శిశువైద్యుల సంఘం చెబుతున్నది.

ఉద్యోగినులకు 2010 నాటి చట్టం పాలు పిండుకొనే విరామం ఇచ్చినా, అది ముఖ్యంగా గంటల లెక్కన జీతం తీసుకొనేవారికే వర్తించింది. నెలజీతంపై పనిచేసే మన సాఫ్ట్‌వేర్ ఆడపడుచులలో చాలమందికి ఆ హక్కు 2022 డిసెంబరు చట్టంతో వచ్చింది. స్నానాల గది కాని వేరొక మరుగైన చోటు ఇవ్వడం యజమాని విధి. పిండిన పాలు గది ఉష్ణోగ్రతలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలుస్తాయి. మైక్రోవేవ్‌లో వేడిచేయవద్దు. జున్ను విషయంలో చెప్పిన మాంసకృత్తుల గతే ఆ పాలలోని రోగనిరోధక పదార్థాలకూ పడుతుంది. అక్కడక్కడ సెగలు కక్కి బిడ్డ నోరు కాలే ప్రమాదమూ ఉన్నది. కొన్ని వ్యాధులలో, కొన్ని మందులు వాడేటప్పుడు తల్లి పాలు ఇవ్వలేకపోవచ్చు. ఆమెకు డబ్బాపాలు అవసరం, ఆమెను దోషిగా నిలబెట్టే ప్రచారం మనకు అక్కరలేదు.

మన సంఘం వార్షిక సభలలో బుర్రకథ వేయించే ఆలోచన ఎవరికైనా ఉంటే ఒక మనవి. ఇరవై నిమిషాల ముర్రుపాల కథను రాత్రి సినీనటుల కార్యక్రమానికి ముందు ఇరికించక, మధ్యాహ్న భోజనాల తరువాత, ఇండియా నుండి వచ్చిన పెద్దలు హాలులో తీరికగా కూర్చొని ఉన్న వేళ పెట్టండి. హాస్యపు వంత వేషం ఒక బామ్మగారికి ఇవ్వండి. కథ ముగిసిన వెంటనే మన శిశువైద్యులలో ఒకరు వేదిక దిగి ఆ పెద్దల నడుమ కూర్చొని, తెలుగులో ప్రశ్నలకు జవాబు చెప్పాలి. హాలు పక్కన తెర కట్టి, నాలుగు వాలుకుర్చీలు వేసి, లోపల ఒక స్పీకరు పెడితే పాలిచ్చే తల్లులు కూడా కథ వింటారు.